అవిచ్ఛిన్న సేవ

వేట నిషేధం ముగిసింది. గుడ్లు పెట్టాల్సిన చేపలు పెట్టేశాయి. శంకుదిబ్బ ఒడ్డున పడవలకు వేసిన కొత్త రంగులు ఆరిపోయాయి, చిరుగులు అల్లిన వలలు మడతపెట్టి ఉన్నాయి, రొయ్య ఒడ్డు దగ్గరికి వచ్చిందని నీళ్ల రంగు చూసి ముసలాళ్లు చెప్పేశారు. నిషేధం ముగిసిందని తెలియనిది ఒక్క కంప్యూటర్‌కే.

ఆ కంప్యూటర్ నగరంలో తీర వేట అనుమతుల సంస్థ రెండో అంతస్తులో, మనుషులకు లేని ఏసీ గదిలో ఉంటుంది. దాన్ని సర్వర్ అంటారు. పడవ నీళ్లలోకి దిగాలంటే దాని అనుమతి కావాలి. పడవ యజమాని తన ఫోనులో పడవ నంబరు కొడితే, సర్వర్‌లో నడిచే అప్లికేషన్ ఔననో కాదనో చెబుతుంది. నడిసముద్రంలో గస్తీ పోలీసులు అదే నంబరు, ఫోను సిగ్నల్ లేకున్నా ఉపగ్రహంతో నడిచే తమ యంత్రంలో కొట్టి చూస్తారు. అనుమతి కనబడకపోతే పడవను ఒడ్డుకు ఈడ్చుకొచ్చి కట్టేస్తారు. ఇదివరకు ఈ అనుమతి కాగితం మీద ఇచ్చేవాళ్లు. కాగితం తీసేస్తే అభివృద్ధి అవుతుందని ఎవరో అన్నారు, తీసేశారు.

అప్లికేషన్ తయారుచేసిన కంపెనీ నిషేధం తేదీలను మార్చుకునే వీలు లేకుండా దాని లోపలే బిగించేసి, బిల్లు తీసుకుని వెళ్లిపోయింది. అందుకని ఏటా నిషేధం మొదలైనప్పుడు ఒకసారి, ముగిసినప్పుడు ఒకసారి అప్లికేషన్‌కు కొత్త వెర్షన్ తయారుచేసి సర్వర్‌లో పెట్టాలి. ఆ పని సూరాడ నూకరత్నానిది. శంకుదిబ్బ పిల్ల. ఇంజనీరింగ్ చదివింది. నోరు ఊరుకోదు, కాబట్టి ఎప్పటికీ కాంట్రాక్టు ఉద్యోగే.

పని చిన్నదే. సర్వర్ ఆపడం, పాత వెర్షన్ తీసి కొత్తది పెట్టడం, మళ్లీ నడపడం. టీ చల్లారేలోపు అయిపోతుంది. ఈసారి కూడా రత్నం టీ చెప్పి కూచుంది. టీతో పాటు ఉత్తర్వు కూడా వచ్చింది.

"సంస్థ సర్వర్‌ను ఏ కారణము చేతను, ఏ స్థాయి అధికారియు, ఒక్క క్షణమైనను నిలుపుదల చేయరాదు. ఇందుమూలముగా అవిచ్ఛిన్న సేవా విధానము అమలులోనికి వచ్చినది."

దీనికి కారణం ఉంది. అంతకు కొద్దిరోజుల ముందు మంత్రిగారు ఒక సభలో మీట నొక్కి మన డిజిటల్ ప్రగతి చూపించబోయారు. తెర మీద 'నిర్వహణ పనుల వల్ల సేవ తాత్కాలికంగా నిలిపివేయబడింది' అని వచ్చింది. మంత్రిగారు తల తిప్పి సంస్థ డైరెక్టర్ మార్కండేయరావు గారి వైపు ఒక్కసారి చూశారంతే. ఆ చూపుకి డైరెక్టర్ గారు బెంగుళూరు వెళ్లి ఒక సెమినార్‌లో కూచుని, నడుస్తున్న సర్వర్‌ను ఆపకుండానే అప్లికేషన్ మార్చవచ్చునని తెలుసుకుని, ఆ ఒక్క ముక్క పట్టుకుని తిరిగొచ్చారు. ఎలా మార్చాలన్నది మధ్యాహ్న భోజనం తర్వాతి ఉపన్యాసంలో చెప్పారట.

రత్నం ఆయన గదిలోకి వెళ్లి, ఆపకుండా మార్చడం మంచి పద్ధతేనని, దాన్ని సరిగ్గా చేసే మార్గం తనకు తెలుసునని చెప్పింది. కొత్త వెర్షన్ ఫైలును వేరే పేరుతో పక్కన దించుకుని, మొత్తం దిగాక అసలు పేరు పెడితే సర్వర్ దాన్ని నిండుగా అందుకుంటుంది. డైరెక్టర్ గారు అంతా విన్నారు. విని, ప్రారంభోత్సవం తన చేతుల మీదుగా జరగాలన్నారు.

జరిగింది. సర్వర్ గదిలో కొబ్బరికాయ కొట్టారు. కొబ్బరినీళ్లు యంత్రం మీద పడకుండా రత్నం తన చున్నీ అడ్డం పెట్టింది. డైరెక్టర్ గారు ఫైలును పక్కన కాదు, నేరుగా నడుస్తున్న సర్వర్ నోట్లోకే దించారు. వేరే పేరు పెట్టడం దొంగతనంగా ఉంటుందని, ప్రభుత్వ ఫైలు తన సొంత పేరుతోనే రాజమార్గంలో వెళ్లాలని అన్నారు. సగం ఫైలు దిగిందో లేదో సర్వర్ అందేసుకుంది. ఉడకని అన్నం వడ్డించినట్టయింది. అనుమతి పేజీ నడుం దాకా వచ్చి ఆగింది. బొమ్మ ఉంది, మంత్రిగారి ఫొటో ఉంది, కింద నొక్కాల్సిన మీట లేదు.

పాత వెర్షన్‌ను మళ్లీ ఎక్కించి, కమిటీ వేశారు. ఫైలు తొందరపాటు ప్రదర్శించినదని కమిటీ తేల్చింది. పాతది నడుస్తున్న సర్వర్‌లో కొత్తది పెట్టడం పెద్దల పట్ల అమర్యాద కాబట్టి, పక్కన మరో సర్వర్ కొని కొత్త వెర్షన్‌ను అందులో నడపాలని, పాతదానిలో ఉన్న పౌరులు తమ పని ముగించుకుని తమంతట తాము బయటికి వచ్చిన తర్వాతే అందరికీ కొత్తది తెరవాలని సిఫారసు చేసింది.

ఇదీ లోకంలో ఉన్న పద్ధతే. రత్నం అభ్యంతరం పెట్టలేదు. పాతదాన్ని ఖాళీ చేయడానికి ఒక గడువు పెట్టండి చాలు అంది.

"గడువా?" అన్నారు డైరెక్టర్ గారు. "పౌరుణ్ని గడువు పెట్టి గెంటేస్తావా అమ్మా? ఇది సేవ. హోటల్ కాదు."

"సార్, పాతది వాళ్లకి అనుమతి ఇవ్వదు. నిషేధం ఉందనుకుంటోంది. అనుమతి వస్తే గాని వాళ్ల పని ముగియదు. అది ముగిస్తే గాని మీరు కొత్తది తెరవరు."

"కదా. అందుకే ఓపిక పట్టాలి."

ఆయన గది గోడకు పెద్ద తెర ఒకటి బిగించారు. దాని మీద 'ప్రస్తుతం సేవలో ఉన్నవారు' అని ఒక అంకె. నిషేధం ముగిసిన పొద్దున్నే తీరంలో ప్రతి పడవ యజమానీ నంబరు కొట్టాడు. ప్రతి ఫోనులోనూ పాత వెర్షన్ ఒకటే మాట చెప్పింది: 'వేట నిషేధం అమల్లో ఉంది. దయచేసి వేచి ఉండండి.' పడవ నంబరు ఒకసారి పాతదానిలో పడితే పాతదానిదే. దయచేసి వాళ్లంతా వేచి ఉన్నారు. తెర మీద అంకె పెరిగింది. ఇంతమంది ఒకేసారి సేవలో ఉండటం సంస్థ చరిత్రలో లేదని డైరెక్టర్ గారు పైకి నివేదిక పంపారు. ఎవరికీ సేవ అందడం లేదు, కాబట్టి ఎవరి సేవా ఆగలేదు.

శంకుదిబ్బ నుంచి రత్నం మేనమామ ఎల్లాజీ ఫోను చేశాడు. ఆయన పడవ మీద ఆయనా, ఇద్దరు తమ్ముళ్లూ, వాళ్ల సంసారాలూ బతుకుతాయి.

"ఏటే గుంటా, మీ కంప్యూటరికి ఇంకా తెల్లారనేదా?"

"తెల్లారింది మావా. కొత్తది నడస్తంది. మీరు పాతదాన్లో ఉండిపోనారు."

"అయితే మేవు అందులోకి దూరతాం. తలుపెక్కడ?"

"మీరంతా బయటికొస్తే తెరుస్తారట."

"మేవు బయటే ఉన్నాం కదే. ఒడ్డునే కూకున్నాం."

ఎల్లాజీ కోప్పడలేదు. పొరుగు రాష్ట్రం పడవలు మన నీళ్లలోకొచ్చి రొయ్య ఎత్తుకుపోతున్నాయని, ఒడ్డున కూచుని వాటి జెండాలు చూస్తున్నామని, ఇంకొంచెం ఆగితే రొయ్య లోతుకు వెళ్లిపోతుందని, ఆ తర్వాత అనుమతి ఇచ్చినా ఉప్పునీళ్లే పట్టుకోవాలని మాత్రం చెప్పి పెట్టేశాడు.

గడువు కోసం రత్నం ఫైలు పెట్టింది. దాని మీద సూపరింటెండెంట్ సంతకం కావాలి. సూపరింటెండెంట్ గది తలుపు తీసి చూస్తే ఒకే కుర్చీలో ఇద్దరున్నారు.

అవిచ్ఛిన్న సేవా విధానం మనుషులకు కూడా వచ్చేసింది. పద్మనాభం గారు పదవీ విరమణ చేశారు. ఆయన లేచి వెళ్లి, జగ్గారావు గారు వచ్చి కూచునేలోగా కుర్చీ ఖాళీగా ఉంటుంది గదా, ఆ క్షణం సేవకు అంతరాయం. అందుకని జగ్గారావు గారిని ముందే తెచ్చి పక్కన ఇరికించారు. పద్మనాభం గారి దగ్గర పని పెట్టుకున్నవాళ్లందరి పనీ అయ్యేదాకా ఆయన లేవరాదు. పాత పనులు ఆయనవి, కొత్త పనులు జగ్గారావు గారివి. ఒకరు కుడి తొడ మీద, ఒకరు ఎడమ తొడ మీద కూచుని ఉన్నారు.

రత్నం ఫైలు చూసి పద్మనాభం గారు, ఇది కొత్త ఫైలు, తాను ముట్టుకుంటే నేరమన్నారు. జగ్గారావు గారు తీసుకుని తిరగేసి, ఫైలు కొత్తదే గాని విషయం పాత వెర్షన్‌కు సంబంధించినది కాబట్టి పద్మనాభం గారి పరిధిలోకి వస్తుందన్నారు. ఇద్దరూ ఎంతో మర్యాదగా చెప్పారు. మర్యాదలో ఎవరైనా కొంచెం ముందుకు వంగితే రెండోవారు కింద పడతారు.

"మీరు ఇంటికెప్పుడు వెళ్తున్నారు సార్?" అని రత్నం పద్మనాభం గారిని అడిగింది.

"మా ఆవిడ కూడా అదే అడుగుతోందమ్మా," అన్నారాయన. "నా దగ్గర పెండింగ్ ఉన్నవాళ్లలో ముగ్గురు చనిపోయారు. వాళ్ల పని ఎలా ముగించాలో తెలియక ఉండిపోయాను."

రత్నం ఫైలు తీసుకుని బయటికొచ్చి, ఇక పద్ధతులు కట్టిపెట్టి మామకు ఫోను చేసింది. పేజీ కింద 'విరమించు' అని ఒక మీట ఉంటుంది, అది నొక్కి బయటికొచ్చెయ్యమంది. ఊరంతా అలా బయటికొచ్చేస్తే పాతది ఖాళీ అవుతుంది, కొత్తది తెరుచుకుంటుంది అనుకుంది. ఎల్లాజీ ముందుగా తాను నొక్కాడు.

రెండో అంతస్తులో సైరన్ మోగింది.

కమిటీ దీనికి కూడా ఏర్పాటు చేసే ఉంచింది. పౌరుడు పని కాకుండా బయటికొస్తే దాన్ని అసంతృప్త నిష్క్రమణ అంటారు. అది జరిగిందంటే కొత్త వెర్షన్ వల్ల ఏదో అపశ్రుతి దొర్లిందన్నమాట. వెంటనే కొత్తదాన్ని తీసేసి, పౌరుణ్ని తెచ్చి పాతదానిలో యథాస్థానంలో కూచోబెట్టాలి. కూచోబెట్టారు. ఎల్లాజీ ఫోనులో మళ్లీ 'దయచేసి వేచి ఉండండి' వచ్చింది. ఈసారి కింద 'మీకు కలిగిన సౌకర్యానికి చింతిస్తున్నాం' అని కూడా ఉంది. కంగారులో అచ్చు తప్పు పడింది గానీ అంతకంటే నిజమైన మాట ఆ పేజీలో ఎప్పుడూ రాలేదు.

విచారణలో డైరెక్టర్ గారు రత్నాన్ని నిలబెట్టి, ఏయే సందర్భాలలో పౌరుడు బయటికి వచ్చినట్టు, ఏయే సందర్భాలలో రానట్టు అన్నది చదివి వినిపించారు. తాను మీట నొక్కితే వచ్చినట్టు. ఫోను పగిలితే విచారణలో ఉన్నట్టు. సిగ్నల్ పోతే మాత్రం అది పౌరుని వైపు అంశం, సంస్థకు సంబంధం లేదు, సేవ సంతృప్తికరంగా ముగిసినట్టే పరిగణించవలెను.

"అది ఇంకోసారి చదవండి సార్," అంది రత్నం.

ఆయన సంతోషంగా చదివారు. తన ఉత్తర్వు మళ్లీ చదవమని ఆయన్ని అంతవరకు ఎవరూ అడగలేదు. విచారణ ముగించి, కొత్తదాన్ని మళ్లీ పక్కన నిలబెట్టమని ఆజ్ఞాపించారు. నిలబెట్టి రత్నం సాయంత్రం బస్సెక్కి శంకుదిబ్బ వెళ్లింది.

ఒడ్డున మగాళ్లంతా ఫోన్లు చేత్తో పట్టుకుని పడవల నీడన కూచుని ఉన్నారు. ఫోను ఆరిపోతే అది ఏ నిష్క్రమణ అవుతుందో తెలియక జనరేటర్ అద్దెకు తెచ్చి మరీ ఛార్జింగ్ పెడుతున్నారు. రత్నం వాళ్ల మధ్య కూచుని, సముద్రంలో ఎంత దూరం పోతే సిగ్నల్ పోతుందని అడిగింది.

"నల్లరాయి దాటితే సుక్క ఉండదు," అన్నాడు ఎల్లాజీ. అని, మేనకోడలి ముఖం చూశాడు. "గస్తీవోలు పట్టుకుంటే?"

"పట్టుకుంటారు."

"పడవ కట్టేస్తారే."

"ఇప్పుడేటి, కట్టకుండా ఉందా మావా?"

పెద్దలు చాలాసేపు మాట్లాడుకున్నారు. అనుమతి లేకుండా పోవడం వాళ్లకు కొత్త కాదు గాని, పట్టుబడితే ఈ సీజన్ మొత్తం పోతుంది. పోకపోయినా పోతుంది. ఆ లెక్క తేలడానికి ఎక్కువ చదువు అక్కర్లేదు. కబురు పక్క ఊళ్లకు కూడా వెళ్లింది. తెల్లారి సూర్యుడు పైకొచ్చేసరికి తీరం పొడుగునా ఒక్క పడవ లేదు.

నగరంలో డైరెక్టర్ గారి గోడ మీద అంకె తగ్గడం మొదలైంది. ఒక్కొక్క పడవా నల్లరాయి దాటుతున్న కొద్దీ ఒక్కొక్క పౌరుడు సంతృప్తికరంగా ముగిశాడు. ఆఫీసు ఆఫీసంతా ఆ గదిలోకి వచ్చి నిలబడింది. పద్మనాభం, జగ్గారావు గార్లు కుర్చీతో సహా వచ్చారు. అంకె సున్నాకు వచ్చింది. సైరన్ మోగలేదు. కొత్త వెర్షన్ అందరికీ తెరుచుకుంది, అందరూ అంటే ఎవరూ లేరు. డైరెక్టర్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక్క పౌరుడికైనా అంతరాయం లేకుండా సర్వర్ మార్చిన మొదటి సంస్థ మనదేనని చెప్పి, మొదటి అనుమతిని మత్స్యకార సోదరుని చేతికి స్వయంగా అందిస్తానని కారెక్కారు. వెనక మరో కారులో ఫొటోగ్రాఫరూ, పూలదండలూ బయల్దేరాయి.

శంకుదిబ్బ ఒడ్డున షామియానా వేయించారు. ముందు వరసలో కుక్కలు పడుకున్నాయి. ఆడవాళ్లు ఎండలో నిలబడి సముద్రం వైపు చూస్తున్నారు. రత్నం ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒక పక్కన కూచుంది. ఆ అంకెలో ఒకటి తన మామ, మిగతావాళ్లంతా తన మాట నమ్మి వెళ్లినవాళ్లు.

"సోదరులేరీ?" అన్నారు డైరెక్టర్ గారు.

"వేటకెళ్లారు సార్."

"అనుమతి లేకుండానా?"

రత్నం జవాబు చెప్పేలోపే గస్తీ కార్యాలయం నుంచి ఆయనకు ఫోను వచ్చింది. నల్లరాయి అవతల పెద్ద గుంపు దొరికింది. యంత్రంలో ఒక్క నంబరుకీ అనుమతి కనబడటం లేదు, అన్నిటినీ ఈడ్చుకొస్తున్నాం, సంస్థ నుంచి ధ్రువీకరణ కావాలి అన్నాడు ఆ అధికారి. ఫోను గట్టిగానే వినిపించింది. ఆడవాళ్లు దగ్గరికి జరిగారు.

డైరెక్టర్ గారు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఆలోచించారు. అనుమతి లేకుండా వెళ్లారంటే, అడిగినప్పుడు అనుమతి రాలేదన్నమాట. రాలేదంటే సేవ అందలేదన్నమాట. అందలేదంటే అంతరాయం కలిగిందన్నమాట. ఆ మాట పైకి పోయిందంటే మంత్రిగారు మళ్లీ తల తిప్పి చూస్తారు. ఆయన మెడ నరాలు ఉబ్బాయి.

"ఏం మాట్లాడుతున్నారు మీరు?" అన్నారు ఫోనులో. "మా సర్వర్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆగని సర్వర్ ఉండగా అనుమతి లేకుండా పడవలు ఎలా వెళ్తాయి? లోపం మీ యంత్రంలో ఉంది. ఇంకోసారి చూడండి." ఫోనును అరచేత్తో మూసి రత్నం వైపు తిరిగారు. "చూస్తావేమమ్మా. ఇచ్చెయ్. అన్నిటికీ ఇచ్చెయ్."

రత్నం వేళ్లు అప్పటికే కదులుతున్నాయి. ఆడవాళ్లు తమ పడవ నంబర్లు ఒకరి తర్వాత ఒకరు చెబుతున్నారు, ఆమె కొడుతోంది, కొత్త వెర్షన్ ఔనంటోంది. కాసేపటికి అవతలి అధికారి, క్షమించాలి, ఇప్పుడు కనబడుతున్నాయి, వదిలేస్తున్నాం అన్నాడు. యంత్రాలను ఇలా నిర్లక్ష్యంగా వాడితే ఎలా అని డైరెక్టర్ గారు అతణ్ని మందలించి పెట్టేశారు.

మధ్యాహ్నానికి పడవలు రొయ్యతో తిరిగొచ్చాయి. డైరెక్టర్ గారు ఎల్లాజీ మెడలో దండ వేసి, కొత్త వెర్షన్ మొదటి పేజీలో పెట్టడానికి లబ్ధిదారుని అభిప్రాయం చెప్పమన్నారు. ఎల్లాజీ చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. దండ తీసి పడవ అంచు మీద పెట్టాడు.

"సర్వరు ఆగనేదంటన్నారు," అన్నాడు. "నిజవే బాబూ, అది ఆగనేదు. ఆగిపోనది మేవు."

డైరెక్టర్ గారు మొదటి ముక్క దగ్గరే పులకించిపోయి ఫొటోగ్రాఫర్ వైపు తిరిగారు. వెంటనే పేజీలో పెట్టెయ్యమని రత్నానికి చెప్పి కారెక్కారు. రత్నం అక్కడే ఒడ్డున కూచుని పెట్టేసింది. ఫైలును వేరే పేరుతో పక్కన దించి, నిండుగా దిగాక పేరు మార్చింది. సర్వర్ ఒక్క క్షణం ఆగలేదు. మంత్రిగారి ఫొటో కింద, ఎల్లాజీ అన్నది అన్నట్టుగా, పూర్తిగా వచ్చింది.

మర్నాడు డైరెక్టర్ గారు అది చదివి రత్నాన్ని పిలిచారు. ఆ రెండో ముక్క తక్షణం తీసెయ్యాలన్నారు.

"తీస్తాను సార్. ఆ పేజీ చూస్తున్నవాళ్లు వాళ్లంతట వాళ్లు బయటికి రాగానే," అంది రత్నం.

ఆయన తల తిప్పి గోడ మీద తెర చూశారు. 'ప్రస్తుతం సేవలో ఉన్నవారు' అన్నచోట తీరంలో ఉన్న పడవలన్నీ ఉన్నాయి. అనుమతి తీసుకుని, పని చూసుకుని, పేజీ మాత్రం ఎవరూ మూయలేదు. శంకుదిబ్బలో వలలు ఆరేసుకుంటూ, ఒక్కొక్కరూ ఫోను పడవ అంచున నిలబెట్టి, బయటికి రాకుండా కూచున్నారు.